స్ఫటికమాల



మీ ఇంట్లో తాతగారి దగ్గరో, అమ్మమ్మ దగ్గరో స్ఫటికమాల ఉన్నదేమో చూడండి. నీటిబొట్లను దారానికి గుచ్చినట్టు ఉంటుంది. ఉంటే అడిగి తీసుకుని, ఒక పూసను చెంపకు ఆనించుకోండి. తరవాత ఒక గాజుపూసను కూడా ఆనించుకోండి. స్ఫటికమే ఎక్కువ చల్లగా తగులుతుంది.

ఈ చల్లదనం చూసే కాబోలు, స్ఫటికం ధరిస్తే ఒంట్లో వేడి తగ్గుతుందనీ, జ్వరం పోతుందనీ, మనసు నెమ్మదిస్తుందనీ చాలామంది చెబుతారు. రోగాలు నయం చేసే రాళ్ళని పేరు పెట్టి అమ్మేవారు కూడా ఉన్నారు. ఇందులో నిజమెంతో ఈ నెల తేల్చుకుందాం.

ముందు ఈ రాయి ఏమిటో తెలుసుకోవాలి. మీరు పొలాల గట్ల మీద తెల్లని పలుగురాళ్ళు చూసే ఉంటారు. స్ఫటికం ఆ పలుగురాయికి సొంత అక్కగారే! రెండూ సిలికాన్, ఆక్సిజన్ అనే రెండు మూలకాలు కలిసి ఏర్పడినవే. భూమి లోపల వేడినీటిలో కరిగి ఉన్న ఈ పదార్థం, రాళ్ళ పగుళ్ళలో తీరికగా, చోటు చూసుకుని పేరుకుంటే ఆరు పలకల స్ఫటికం అవుతుంది. ఏటి ఇసుకలో మెరిసే రేణువులలో కూడా చాలా భాగం ఇదే. ఇది గాజు కంటె గట్టిది. గాజు మీద గీస్తే గీత పడుతుంది.

పూర్వం గ్రీకులు దీన్ని మంచుగడ్డ అనుకున్నారు. ఎంతో చలికి గడ్డకట్టి, ఇక ఎన్నటికీ కరగని మంచు అని వారి నమ్మకం. క్రీ.శ. 79లో చనిపోయిన ప్లినీ అనే రోము పండితుడు కూడా అలాగే రాశాడు. తరవాత 1669లో డెన్మార్కు దేశస్థుడు స్టెనో ఒక చిత్రం కనిపెట్టాడు. స్ఫటికం పెద్దదైనా, చిన్నదైనా, ఏ దేశంలో దొరికినా, దాని పలకల మధ్య కోణాలు మాత్రం మారవు. లోపల అణువులు సైనికుల లాగా వరసలు తీరి ఉండటమే దీనికి కారణమని తరవాతి వాళ్ళు గ్రహించారు.

మన దేశంలో స్ఫటికానికి ఎంతో గౌరవం ఉన్నది. రామేశ్వరం వెళ్ళినవారు తెల్లవారుజామున స్ఫటికలింగాన్ని దర్శిస్తారు. మన బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలులో పాత బౌద్ధస్తూపం ఉన్నది. 1892లో అలెగ్జాండర్ రీ అనే ఆయన అక్కడ తవ్వించినప్పుడు రాతిపెట్టెలు బయటపడ్డాయి. వాటి లోపల స్ఫటికంతో చేసిన భరిణెలు, వాటిలో పవిత్రమైన ధాతువులు ఉన్నాయి. రెండువేల ఏళ్ళకు పైగా భూమిలో ఉన్నా స్ఫటికం మాసిపోలేదు. పవిత్రమైన వస్తువును దాచటానికి మచ్చలేని రాయిని ఎన్నుకున్నారన్నమాట!

ఇప్పుడు చల్లదనం సంగతి. మన ఒంటికి వేడి ఉన్నది. గదిలోని పూసకు మన ఒంటి కంటె తక్కువ వేడి ఉన్నది. రెండూ తాకినప్పుడు వేడి మననుంచి పూసలోకి పోతుంది. గాజు కంటె స్ఫటికం ఆ వేడిని త్వరగా లోపలికి లాగుతుంది. అందుకే చల్లగా తగులుతుంది. అయితే కాసేపు పిడికిట్లో పట్టుకుని చూడండి. అదీ వెచ్చబడుతుంది! మాల మొత్తం తీసుకునేది ఆ కాస్త వేడే. జ్వరానికి కారణం ఒంటి లోపల ఉంటుంది. అక్కడికి మాల చల్లదనం చేరదు.

ఈ చివరి రెండు మాటలు నేను ఒకప్పుడు తరగతిలో చెప్పకుండా వదిలేశాను. అందువల్ల ఏం జరిగిందో చెబుతాను, వినండి.

అది 1988 వర్షాకాలం. నేను అప్పుడు ఒక పల్లెటూరి బడిలో కొత్తగా చేరిన మేస్టారిని. ఏడవ తరగతి పిల్లలకు చూపించటానికి మా అమ్మ స్ఫటికమాల తీసుకువెళ్ళాను. అందరూ చెంపలకు ఆనించుకుని, "అబ్బ, ఎంత చల్లగా ఉంది!" అన్నారు. "ఇది ఒంటి వేడిని లాగేస్తుందని పెద్దలు అంటారు," అన్నాను. ఇంతలో గంట కొట్టారు. మిగిలిన పాఠం మర్నాటికి వాయిదా వేశాను. మర్నాడు మరో పాఠం మొదలుపెట్టాను.

నాలుగు రోజులు పోయాక ఒక కుర్రవాడు వచ్చి, "మేస్టారూ, ఆ మాల మా నాన్నమ్మకు చూపించి తెస్తాను," అన్నాడు. ఇచ్చాను. వాడి చెల్లెలికి చలీ జ్వరమూ వస్తున్నదని నాకు తెలియదు. వాళ్ళ అమ్మా నాన్నా పనికోసం వేరే ఊరు వెళ్ళారు. వాడు మాలను చెల్లెలి మెడలో వేశాడు. ఆ రాత్రి పిల్లకు చెమటలు పట్టి జ్వరం దిగింది! ఇంకేం, మాల పనిచేసిందని వాడికీ, నాన్నమ్మకూ గట్టి నమ్మకం కుదిరింది. రెండో రోజున మళ్ళీ జ్వరం వచ్చింది, మళ్ళీ దిగింది. ఇలా వారం గడిచింది. చివరకు ఆ పిల్ల పిలిచినా పలకని స్థితికి వచ్చింది.

కబురు తెలిసి నేను పరిగెత్తాను. ఎడ్లబండి కట్టించి ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరుగారు పిల్ల వేలినుంచి ఒక నెత్తురుబొట్టు తీయించి, గాజుపలక మీద రాయించి, సూక్ష్మదర్శినిలో పరీక్ష చేయించారు. మలేరియా! ఆ జ్వరానికి రోజు విడిచి రోజు రావటం, తనంత తానే దిగటం అలవాటు. మాల వేసినా దిగుతుంది, వేయకపోయినా దిగుతుంది. కాని లోపల రోగం పెరుగుతూనే ఉంటుంది. మందులు పడ్డాక పిల్ల మెల్లగా కోలుకున్నది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు డాక్టరుగారు.

"బళ్ళో పంతులుగారే ఇచ్చారు గదా అని ధైర్యంగా ఉన్నాం, బాబూ," అన్నది నాన్నమ్మ. ఆవిడ నన్ను తప్పుపట్టలేదు. అయినా నేను తల ఎత్తలేకపోయాను.

కుర్రవాడు మాల తిరిగి ఇస్తూ, "మేస్టారూ, ఇది అసలు స్ఫటికం కాదా?" అని అడిగాడు.

"మాల అసలుదేరా. నేను చెప్పిన పాఠమే సగం," అన్నాను.

మర్నాడు తరగతిలో మిగిలిన సగం చెప్పాను.

మీరు ఒకటి అడగవచ్చు: "స్ఫటికంలో శక్తి ఉన్నదంటారు గదా, గడియారం దానితోనే నడుస్తుంది గదా?" మంచి ప్రశ్న. 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు, జాక్, పియరీ, స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. విద్యుత్తును ప్రయోగిస్తే స్ఫటికం అదురుతుంది కూడా. చేతి గడియారంలోని చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు అదురుతుంది. ఆ లెక్కతోనే గడియారం కాలం చూపుతుంది. కాని ఆ శక్తిని ఇచ్చేది బ్యాటరీ. బ్యాటరీ అయిపోతే స్ఫటికం ఉన్నా ముల్లు కదలదు. మెడలోని మాలకు బ్యాటరీ ఎక్కడిది?

"రాయి పట్టుకుంటే నాకు హాయిగా ఉన్నది," అనే వారూ ఉన్నారు. వారు అబద్ధం చెప్పటం లేదు. 2001లో క్రిస్ ఫ్రెంచ్ అనే లండను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన పరిశోధన ఫలితం వెల్లడించాడు. 80 మందిలో కొందరికి అసలు స్ఫటికాలు, కొందరికి నకిలీవి ఇచ్చి ధ్యానం చేయించాడు. నకిలీ రాళ్ళు పట్టుకున్నవారు కూడా అసలువి పట్టుకున్నవారి లాగానే ఏదో వెచ్చదనం, హాయి కలిగాయని చెప్పారు. అంటే ఆ హాయి పుట్టింది రాతిలో కాదు, వారి మనసులోనే.

మరి స్ఫటికానికి ఆధ్యాత్మికమైన అర్థమే లేదా? ఉన్నది, చక్కనిదే ఉన్నది. స్ఫటికం పక్కన ఎర్రని మందారపువ్వు పెట్టండి. రాయి ఎర్రగా కనిపిస్తుంది. పువ్వు తీసేయండి. ఎరుపు పోతుంది, రాతికి ఏమీ అంటదు. మన వేదాంతులు ఆత్మను దీనితో పోల్చారు. కోపం, దుఃఖం దగ్గరకు వచ్చినప్పుడు వాటి రంగు మనదే అనిపిస్తుంది. అవి తొలగితే లోపలి తేటదనం అలాగే ఉంటుంది. జపం చేసే చేతికి ఆ మాల ఇచ్చే పాఠం ఇదే.

తలిదండ్రులకు ఒక మాట. ఇంట్లో పెద్దల మాలను పిల్లలచేత హేళన చేయించకండి. అలాగే పిల్లకు జ్వరం వచ్చినప్పుడు మాలకూ మంత్రానికీ డాక్టరు పని అప్పగించకండి. మా అమ్మ మాల ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. తెల్లవారి లేచి దానితో జపం చేసుకుంటాను. జ్వరం వస్తే మాత్రం మాలను పెట్టెలో ఉంచి ఆసుపత్రికి వెళతాను.

పిల్లలూ, వచ్చే నెలలోగా ఈ లెక్క చేయండి: 32,768ని రెండుతో భాగించండి. వచ్చినదాన్ని మళ్ళీ రెండుతో భాగించండి. ఇలా ఎన్నిసార్లు భాగిస్తే సరిగా ఒకటి వస్తుంది? గడియారం లోపల జరిగే పని అదే!