తవక్కుల్ - పొదుపు

మదర్సాలో పాఠాలు చెప్పే మాబోటివారికి పింఛను లేదు. ‘అల్లాహ్ ఉన్నాడు కదా’ అంటూ యౌవనంలో పొదుపును వాయిదా వేశాము. తవక్కుల్‌ను సగమే గ్రహించామని యాభై దాటాక తెలిసింది. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఏడేళ్ల పంటను కంకులతోనే నిలువచేయించి, రానున్న ఏడేళ్ల కరవుకు సిద్ధపడ్డారు. అది విశ్వాసలోపమా?

ధరలు ఏటా 6 శాతం పెరిగితే నేటి 10,000 రూపాయల ఇంటి ఖర్చు సుమారు 12 ఏళ్లకు 20,000, 24 ఏళ్లకు 40,000 అవుతుంది. బీరువాలో దాచిన సొమ్ము అందుకు చాలదు. వడ్డీ సోకని వ్యాపార భాగస్వామ్యంలోనో, అద్దె తెచ్చే ఆస్తిలోనో అది ఎదగాలి.

దివ్యఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు (2:282) అప్పును రాసిపెట్టుకోమని ఆదేశించేదే. ఈ రాత్రే దంపతులు కలిసి కూర్చుని రాబడి, అప్పు, పొదుపు రాసుకోండి. మేము ఆలస్యంగా మొదలుపెట్టాము. మీరు ఆలస్యం చేయకండి.