బలవంతుడిదేనా రాజ్యం?

“బలవంతుడిదే రాజ్యం, ఇది ప్రకృతి ధర్మం” అనే మాట సభలలోను, విందులలోను తరచుగా వినవస్తుంది. దానికి డార్విన్ పేరు జోడించడం పరిపాటి. నిజానికి ‘యోగ్యతముల మనుగడ’ అన్న పదబంధం 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ కల్పించినది. డార్విన్ దానిని తన గ్రంథంలో, 1869 నాటి అయిదవ ముద్రణలో గాని చేర్చలేదు. 1859 నాటి తొలి ముద్రణలోనే ఆయనను కలవరపెట్టిన ప్రశ్న మరొకటి: సంతానం లేని చీమలు, తేనెటీగలు తోబుట్టువుల కోసం జీవితాంతం ఏల శ్రమిస్తాయి?

1964లో డబ్ల్యు.డి. హామిల్టన్ దీనికి సమాధానం చూపాడు. ఒక జీవి తన జన్యువులను సంతానం ద్వారానే గాక, రక్తసంబంధీకులను ఆదుకోవడం ద్వారా కూడా తరువాతి తరానికి అందించగలదు. బంధువుకు కలిగే లాభాన్ని బంధుత్వపు పాలుతో గుణించగా వచ్చినది, సాయపడిన జీవికి కలిగే నష్టాన్ని మించితే అట్టి స్వభావం వ్యాపిస్తుంది.

బంధుత్వమొక్కటే చాలదని దక్షిణ భారతంలోని ‘రొపాలిడియా మార్జినేటా’ అనే కందిరీగ తెలుపుతున్నది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్, ఆయన సహచరులు దశాబ్దాల తరబడి దీనిని పరిశీలించారు. ఈ గూటిలో రాణికి, పనికత్తెలకు రూపభేదం లేదు. పనికత్తెలు సైతం గుడ్లు పెట్టగలవు. వేరు గూడు కట్టుకొనగలవు. రాణి ఒకటికి మించిన మగవాటితో జతకూడుతుంది, రాణులూ మారుతుంటారు. కనుక బంధుత్వం పలచబడుతుంది. అయినా అనేకం సేవకే నిలుస్తాయి. ఒంటరి తల్లి పిల్లలు ఎదగకముందే మరణిస్తే శ్రమంతా వృథా. గుంపులో ఒకటి సగంలో విడిచిన పనిని వేరొకటి పూర్తిచేస్తుంది. పైగా ఆ రాణి కడు సాధువు, బెదిరించి ఏలదు.

అంతమాత్రాన కందిరీగను గురువుగా నిలపడమూ పొరపాటే. 1970లలో ఆబూ కొండమీద సారా హర్డీ పరిశీలించిన కొండముచ్చులలో, గుంపును కొత్తగా చేజిక్కించుకొన్న మగది మునుపటి దాని పిల్లలను చంపడం కూడా ప్రకృతిలోనిదే. ఒక ప్రవర్తన ఎట్లా పుట్టిందో పరిణామశాస్త్రం వివరిస్తుంది. అది ఆచరణీయమా కాదా అన్న తీర్పు దాని పరిధిలో లేదు.

ఉద్యోగం పోయినవాడికి, మంచం పట్టిన వృద్ధురాలికి “ఇది ప్రకృతి ధర్మం” అని చెప్పి చేయి దులుపుకొనేవారు విజ్ఞానశాస్త్రాన్ని సాక్షిగా పిలవరాదు. ఆ నిర్ణయం వారిది. దాని బాధ్యత కూడా వారిదే. పరాయి దేశంలో ఏ బంధుత్వమూ లేని కొత్తవారికి ఆశ్రయమిచ్చి నిలబెట్టిన కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. వారి పిల్లలకు మాత్రం పరిణామ సిద్ధాంతాన్ని సగం గాక పూర్తిగా నేర్పాలి.