పెళ్లి కాగితం వెనక నాలుగు ముద్రలు

పోయిన వారం మా పిన్ని ఫోన్ చేసింది. చెల్లెలికి పెళ్లి కుదిరింది. అబ్బాయి ఇక్కడే దోహాలో ఉద్యోగం. కల్యాణ మండపం, వంటవాళ్లు, పెట్టుబడి చీరలు అన్నీ చెప్పుకొచ్చింది. అంతా విని, "మరి రిజిస్ట్రేషన్ ఎప్పుడు పిన్నీ?" అన్నాను. "ఐదొందల మంది ముందు తాళి కడుతుంటే ఇంకా కాగితం ఎందుకే? తర్వాత చూసుకుందాంలే" అంది.

నా పెళ్లప్పుడూ ఇదే మాట అన్నారు. మావారికి ఇరవై రోజులే సెలవు. వ్రతం, మనుగుడుపులు, చుట్టాల ఇళ్లలో భోజనాలతోనే అవి అయిపోయాయి. సంతకాలకు ఇద్దరూ ఉండాలి కదా! ఆయన మళ్లీ సెలవు మీద వచ్చేదాకా పది నెలలు పుట్టింట్లోనే ఉండిపోయాను. పెళ్లి సర్టిఫికెట్ లేనిదే ఫ్యామిలీ వీసా రాదు.

ఫోన్ పెట్టేశాక ఆ సర్టిఫికెట్ తీసి వెనక్కి తిప్పి చూశాను. మొదట మన రాష్ట్ర ప్రభుత్వం ముద్ర. తర్వాత భారత విదేశాంగ శాఖది. ఆ తర్వాత ఖతార్ ఎంబసీది. చివరిది దోహాలో వేయించింది. ఈ ముద్రల వరస చూస్తుంటే ఈమధ్య చదివిన ఒక సంగతి గుర్తొచ్చింది.

ఆడవాళ్ల పట్ల వివక్ష పోగొట్టడానికి ఐక్యరాజ్యసమితి 1979లో ఒక ఒప్పందం తెచ్చింది. సీడా అని దాని పొట్టి పేరు. పెళ్లిళ్లను అధికారికంగా నమోదు చేయడం తప్పనిసరి కావాలని అందులో 16వ అధికరణం చెబుతుంది. భారతదేశం 1980లో సంతకం పెట్టి, 1993లో దాన్ని ఆమోదించింది. కానీ ఈ అంశం దగ్గర ఒక ప్రకటన జతచేసింది. సూత్రప్రాయంగా మాకు సమ్మతమే, కానీ ఇన్ని ఆచారాలు, ఇన్ని మతాలు, ఇంత నిరక్షరాస్యత ఉన్న పెద్ద దేశంలో ఆచరణ సాధ్యం కాదు అని దాని సారాంశం.

మాట ఇచ్చింది ఢిల్లీ. పెళ్లి నమోదు చేసేది మాత్రం మన ఊరి రిజిస్ట్రార్ ఆఫీసు, అంటే రాష్ట్రం. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఈ పనిని రాష్ట్రాలకే వదిలింది. నమోదు తప్పనిసరి చేయాలా వద్దా అన్నది వాటి ఇష్టం. చేసినా, ఉల్లంఘించినవాళ్లకు జరిమానా 25 రూపాయలు మించదు!

ఢిల్లీకి అధికారం లేదా అంటే, ఉంది. పెళ్లి, విడాకులు ఉమ్మడి జాబితాలోవి. పైగా అంతర్జాతీయ ఒప్పందాన్ని అమలు చేయడానికైతే రాష్ట్రాల జాబితాలోని విషయం మీదైనా పార్లమెంటు చట్టం చేయవచ్చని రాజ్యాంగం 253వ అధికరణం చెబుతోంది. "అది రాష్ట్రాల పని" అని తప్పించుకోవడానికీ లేదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం 50వ అధికరణం ఈ సంగతి సూటిగా చెప్పింది: ఫెడరల్ దేశమైతే అందులోని అన్ని భాగాలకూ, ఏ మినహాయింపూ లేకుండా ఒప్పందం వర్తిస్తుంది. దాంట్లో మన దేశం 1979లోనే చేరింది.

ఇలాంటి చోట ఒక్కోసారి కింది మెట్టే ముందు కదులుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేస్తూ సొంత చట్టం చేసుకుంది. నాలుగేళ్ల తర్వాత, 2006 ఫిబ్రవరిలో, సీమ వర్సెస్ అశ్వినీ కుమార్ కేసులో సుప్రీంకోర్టు సీడాను ప్రస్తావిస్తూ, అన్ని మతాలవాళ్ల పెళ్లిళ్లూ నమోదయ్యేలా మూడు నెలల్లో నిబంధనలు తేవాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. అప్పటికే ఇలాంటి చట్టం ఉన్న కొద్ది రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

అమెరికాలో ఉన్న పాఠకులకు ఇది కొత్తేం కాదు. ఆ దేశం సీడా మీద 1980లో సంతకం పెట్టి ఇప్పటికీ ఆమోదించలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మాత్రం 1998లో దాని సూత్రాలను తన సొంత శాసనంగా చేసుకుంది. ఖతార్‌లో రాష్ట్రాలు లేవు. 2021 మార్చిలో 1000 రియాళ్ల కనీస వేతనం వచ్చినప్పుడు, ఇళ్లలో పనిచేసేవాళ్లతో సహా దేశమంతటికీ ఒకేసారి వర్తించింది. మన దగ్గర ఆ కనీస వేతనం కూడా రాష్ట్రానికొకటి.

చట్టం ఉన్నంత మాత్రాన పని జరిగిపోదని మా ఊళ్లోనే చూశాను. మా వీధిలో ఒకావిడ భర్త గల్ఫ్‌కి వెళ్లి రెండేళ్లకు ఫోన్లు మానేశాడు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళితే పెళ్లికి రుజువేమిటని అడిగారు. ఆవిడ చేతిలో ఉన్నది పెళ్లి ఆల్బం ఒక్కటే. నమోదు చేయించనంత మాత్రాన హిందూ వివాహం చెల్లకుండా పోదు. కానీ చెల్లుతుందని నిరూపించుకోవడానికి తిరగాల్సింది ఆడదే.

ప్రవాసుల పెళ్లిళ్లు 30 రోజుల్లో నమోదు చేయించాలంటూ 2019లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో ప్రవాసుల పెళ్లిళ్లకు నమోదు తప్పనిసరి చేయాలని మళ్లీ సిఫారసు చేసింది. ఢిల్లీ కదిలేదాకా మనం ఆగక్కర్లేదు. తెలుగువాళ్లకు చట్టం 2002 నుంచీ ఉంది.

రాత్రి పిన్నికి మళ్లీ ఫోన్ చేసి నా పది నెలల సంగతి గుర్తుచేశాను. కాసేపు మాట్లాడలేదు. "సరేలేవే, వ్రతం అయిన మర్నాడే ఇద్దర్నీ రిజిస్ట్రార్ ఆఫీసుకి పంపిస్తాను. ఏమేం కాగితాలు కావాలో వాట్సాప్‌లో పెట్టు" అంది. శుభలేఖ, పెళ్లి ఫొటో, ఇద్దరి వయసు, అడ్రసు రుజువులు, సాక్షులు అని పెట్టాను. మీ ఇళ్లలోనూ ఈ ముహూర్తాలకు పెళ్లి ఉంటే ఆ జాబితా పంపండి. అబ్బాయి తిరుగు టికెట్ తేదీ కూడా ముందే అడగండి.