ఆకలి, నిద్ర, సిగ్గు

"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని మనవాళ్లు ఆకలినీ నిద్రనూ ఒకే సామెతలో యెందుకు ముడిపెట్టారో, యిన్నేళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్నా నేనెన్నడూ ఆలోచించలేదు. రెండు నెలల క్రితం రాయదుర్గంలో మా అక్కయ్య యింటికి వెళ్లినప్పుడు ఆలోచించవలసి వచ్చింది.

మా మేనల్లుడు అక్కడి అద్దాల మేడల్లో ఒకదానిలో రాత్రి ఉద్యోగం వెలగబెడుతున్నాడు. నేను వెళ్లేసరికి పగలు పదకొండయింది. అప్పుడే లేచి, రాత్రి తెప్పించుకొన్న బిర్యానీ వేడి చేసుకొంటున్నాడు.

"ఏం చేయను మామయ్యా! నిద్ర తక్కువైన రోజున ఆకలి రెట్టింపవుతున్నది" అన్నాడు.

"అంతా వాళ్ల నాన్న పోలిక" అని తేల్చింది అక్కయ్య. బావగారు పేపరు అడ్డం పెట్టుకొని వినబడనట్టు వూరుకొన్నారు.

కుర్రవాడి మాటలో అబద్ధం లేదు. ఆకలి కబుర్లు మెదడుకు మోసే బంట్రోతులు ఇద్దరున్నారు. 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టిన లెప్టిన్ ఒకటి. అది వొంట్లోని కొవ్వు నుంచి బయలుదేరి, "చాలు, యిక లేవవయ్యా" అంటుంది. రెండవది 1999లో జపానులో కొజిమా, కంగావా కనిపెట్టిన గ్రెలిన్. అది ఖాళీ కడుపులో నుంచి వెళ్లి, "వడ్డించండి" అంటుంది. 2004లో షికాగో విశ్వవిద్యాలయంవారు పన్నెండుమంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పదేసి గంటలు పడుకొన్నప్పటికన్న లెప్టిన్ నూటికి 18 వంతులు తగ్గింది, గ్రెలిన్ 28 వంతులు పెరిగింది. సామెత కట్టిన అవ్వ యే విశ్వవిద్యాలయంలో చదివిందో!

"లావైనవారికి కొవ్వెక్కువ గదా, లెప్టినూ యెక్కువే వుండాలి. మరి వారికి ఆకలి తగ్గదేం?" అని బావగారు పేపరు దించి అడిగారు.

జవాబు మన తార్నాకలోనే వున్నది. అక్కడి జాతీయ పోషకాహార సంస్థలో పుట్టుకతోనే లావెక్కే యెలుకల జాతి ఒకటి వున్నది. వాటి నెత్తురులో లెప్టిన్ పుష్కలం. అయినా తింటూనే వుంటాయి. కబురు అందుతున్నా మెదడు లెక్కచేయదు. మనలో లావైన చాలామంది సంగతీ యింతే.

అక్కడితో ఆగితే బాగుండేది. మగవారి మూత్రాశయం క్రింద ప్రోస్టేటు గ్రంథి వుంటుంది. ప్రయోగశాలలో ఆ గ్రంథి క్యాన్సరు కణాలకు లెప్టిన్ తగిలిస్తే, కొన్ని రకాలు జోరుగా పెరిగాయి. గ్రెలిన్ కూడా ఆ కణాల్లో కనిపించింది. అయితే మనుష్యుల నెత్తురు పరీక్షించిన అధ్యయనాలు ఒక మాట మీద నిలవలేదు. అందుచేత లెప్టిన్ మీద నేరం రుజువు కాలేదు. గట్టి సాక్ష్యం వున్నది స్థూలకాయం మీదనే: లావైనవారిలో ముదిరిన ప్రోస్టేటు క్యాన్సరు యెక్కువగా కనబడుతున్నది.

దీనికి తోడు మరొక చిక్కు. ఆ గ్రంథి కోసం చేసే నెత్తురు పరీక్షను పి.యస్.ఏ. అంటారు. లావైనవారి వొంట్లో రక్తద్రవం యెక్కువ. చెంబులో వేయవలసిన ఉప్పు బిందెలో వేసినట్టు, ఆ అంకె పలచబడి చిన్నదిగా కనిపించవచ్చు.

ఈ మాట వినగానే బావగారి ముఖం మారింది. ఆయనకు అరవై మూడేళ్లు, మనిషి భారీ. యేడాదిగా రాత్రికి అయిదారుసార్లు లేస్తున్నారట. ఆరు నెలల క్రితం పరీక్షలో అంకె చిన్నదే వచ్చిందని సంతోషించి, వైద్యుడు వేలితో కూడా పరీక్షిస్తానంటే సిగ్గుపడి లేచి వచ్చేశారట. అక్కయ్యకైనా చెప్పలేదు.

"ఈ వయసులో అవన్నీ మామూలే గదటోయ్" అన్నారు.

మామూలే. చాలామందికి అది వట్టి వాపే. వట్టి వాపో కాదో చూపించుకోకుండా తెలిసేదెట్లా?

మరునాడు నేనే వెంటబెట్టుకొని వెళ్లాను. వైద్యుడి వేలికి గట్టిగా గడ్డ తగిలింది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరేనని తేలింది. గ్రంథి దాటి పోలేదు గనుక చికిత్సకు అందుతుందన్నారు. ఇప్పుడు చికిత్స జరుగుతున్నది. మేనల్లుడు పగటి ఉద్యోగానికి మార్పించుకొనే ప్రయత్నంలో వున్నాడు.

ఆ సామెతకు మూడవ ముక్క ఒకటున్నది, "వలపు సిగ్గెరుగదు" అని. రోగమూ సిగ్గెరుగదు సుమండీ. సిగ్గుపడేది రోగి ఒక్కడే. అక్కయ్య మూడు రోజులు బావగారితో మాట్లాడలేదు. జబ్బు వచ్చినందుకు కాదు, తనకు చెప్పనందుకు.