కెమేరా కొనేముందు ఒక్కమాట

ఆదివారం పొద్దున్నే తలుపు తట్టేవాళ్ళు రెండు రకాలు: చందా అడిగేవాళ్ళూ, సలహా అడిగేవాళ్ళూను. చందాలవాళ్ళ చేతిలో ఏదో పెట్టి పంపించవచ్చు. చిక్కంతా సలహా అడిగేవాళ్ళతోనే. మనం చెప్పింది తప్పయితే పోయేది వాళ్ళ డబ్బు.

పోయిన నెలలో ఒక ఆదివారం మా కాలేజీలో బి.ఏ. రెండో సంవత్సరం చదివే కుర్రాడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ ఇక్కడే, బందరులో, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. చీటీ పాడితే 40,000 రూపాయలు చేతికొచ్చాయట. కుర్రవాడు శనాదివారాలు ఒక స్టూడియోలో లైట్లు మోస్తున్నాడు. ఎన్నాళ్ళు మొయ్యను, సొంత కెమేరా ఉంటే చిన్నచిన్న అన్నప్రాసనలూ, పుట్టినరోజులూ ఒప్పుకుంటాను కదా అని వాడి ఆశ. 80,000 పెట్టి కొత్త కెమేరా ఒకటి చూసి వచ్చాడు. సగం ఇప్పుడు కట్టడం, సగం నెలవారీ వాయిదాలు.

"మాస్టారండీ, నాకు రెండే సందేహాలు," అంది ఆవిడ, కుర్చీ చూపించినా కూర్చోకుండానే. "చేతిలో ఫోను ఉండగా మళ్ళీ కెమేరా ఎందుకూ? ఇంత డబ్బూ పోసి కొంటే అది నాలుగేళ్ళు నిలబడుతుందా?"

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కెమేరాల గొడవ ఏం తెలుసునని మీరు అడగవచ్చు. ఒకసారి చేతులు కాల్చుకున్నవాణ్ణి గనక కొంచెం తెలుసును.

2009లో, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, నాన్నగారి షష్టిపూర్తికని ఒక కెమేరా కొన్నాను. 12 మెగాపిక్సెళ్ళు, 18 రెట్లు జూము. షాపువాడు గుమ్మంలో నిలబెట్టి వీధి చివరనున్న మందులకొట్టు బోర్డు చదివించాడు. ఆ బోర్డుతో నాకేం పని అని ఆలోచించకుండా రెండు నెలల జీతం అక్కడ పోసి వచ్చాను.

షష్టిపూర్తినాడు పగలంతా ఫొటోలు నిక్షేపంలా వచ్చాయి. సాయంత్రం దీపాలు పెట్టేవేళ అందరం నడవలో కూర్చున్నాం. మా అక్కకూతురు, మూడేళ్ళది, తాతయ్య పెళ్ళికొడుకు వేషం చూసి ఏదో అంది. నాన్నగారు పగలబడి నవ్వారు. ఆయన నవ్వడమే అరుదు. అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. గబుక్కున కెమేరా తీసి నొక్కాను. తీరా చూస్తే మొహం ఉండవలసిన చోట తెల్లటి పొగలాంటిది ఉంది. వెనక గోడమీది క్యాలెండరు మాత్రం తేదీలతో సహా చదువుకోవచ్చు.

2011లో ఆయన పోయారు. ఈనాడు మా హాల్లో గోడమీద ఉన్నది పాస్‌పోర్టు సైజు ఫొటోని పెద్దది చేయించినది. అందులో ఆయన బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్నట్టు ఉంటారు.

ఆ పొగ ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. తెలిశాక చూస్తే అది చిన్నపిల్లలకి కూడా చెప్పదగిన సంగతి. ఆవిడకీ అలాగే చెప్పాను.

"అమ్మా, వానలో చెంబు పెట్టినా నీళ్ళు పడతాయి, గంగాళం పెట్టినా పడతాయి. కుండపోతగా కురిసేటప్పుడు చెంబైనా క్షణంలో నిండుతుంది. తుంపర పడేటప్పుడే తేడా తెలుస్తుంది. కెమేరాకి వెలుగే వాన. పట్టపగలు ఆరుబయట అయితే ఫోను చాలు. సాయంత్రం, ట్యూబులైటు కింద, కదిలే పసివాణ్ణి పట్టాలంటే గంగాళం కావాలి."

కెమేరా లోపల వెలుగు పడే పలకని సెన్సరు అంటారు. చాలా ఫోన్లలో ఆ పలక వైశాల్యం 30 నుంచి 70 చదరపు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఖరీదైన కొన్నింటిలో 100 దాటినదీ ఉంది. మామూలు తరగతి పెద్ద కెమేరాలో అది సుమారు 366. ఫోను గట్టిది కాదని నేననను. గబగబా నాలుగైదు ఫొటోలు తీసి, వాటిని కలిపి, లోటు పూడ్చుకునే తెలివి దానికుంది. అయితే ఆ నాలుగైదు ఫొటోల మధ్య పసివాడు చెయ్యి ఊపాడంటే ఆ తెలివి అక్కరకు రాదు.

ఇహ మెగాపిక్సెళ్ళు. 24 మెగాపిక్సెళ్ళంటే అడ్డంగా 6,000, నిలువుగా 4,000 చుక్కలు. ఆల్బములో 12 అంగుళాలకు 18 అంగుళాల పేజీ నిండా, అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువెయ్యాలంటే 5,400కు 3,600 కావాలి. అంటే 24 చాలు, ఇంకా మిగులుతుంది. అంతకుమించిన అంకెకోసం పైసా పెట్టనక్కరలేదు.

కుర్రవాడు ఇదంతా తెలిసినట్టే తల ఊపుతున్నాడు. "మరి డబ్బు దేనిమీద పెట్టాలి సార్?" అన్నాడు.

"తూముమీద," అన్నాను.

కృష్ణా కాలవ ఎంత నిండుగా పారినా పొలానికి వచ్చేది తూము వెడల్పునిబట్టే. లెన్సుకి ఉండే ఆ తూము పేరు అపెర్చరు. దాని కొలతలు 1.8, 2.8, 4, 5.6 అని ఉంటాయి. అంకె చిన్నదైనకొద్దీ తూము పెద్దది. ఇది మొదట అందరికీ తిరకాసుగానే ఉంటుంది గాని, అవి భిన్నంలో కింది అంకెలు. రూపాయిలో రెండోవంతు నాలుగోవంతుకన్నా ఎక్కువే కదా!

కెమేరాతోపాటు కట్టి ఇచ్చే 18-55 లెన్సుని 35 మిల్లీమీటర్ల దగ్గర పెడితే, ఆ తూము మహా అయితే 4.5 దాకా తెరుచుకుంటుంది. 35 మిల్లీమీటర్లదే 1.8 లెన్సు విడిగా కొంటే దానికి ఆరు రెట్లకు పైగా వెలుగు వస్తుంది. మొదటిదానితో సెకనులో 20వ వంతు సేపు తెరిచి ఉంచవలసిన చోట రెండోదానికి 125వ వంతు చాలు. 20వ వంతులో పసివాడి చెయ్యి పొగైపోతుంది. 125వ వంతులో వేళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. మా నాన్నగారి నవ్వుకి తక్కువైనది ఈ కాస్తే.

జూము లేని లెన్సుతో పని జరుగుతుందా అని కుర్రవాడి సందేహం. ఆ చిన్న పలకమీద 35 మి.మీ. లెన్సు, పాత ఫిల్ము కెమేరామీద 50 మి.మీ. లెన్సు చూపించినంత మేరే ఇంచుమించుగా చూపిస్తుంది. హెన్రీ కార్టియర్-బ్రెస్సాన్ అనే ఫ్రెంచి మహానుభావుడు జీవితంలో ఎక్కువభాగం అలాంటి ఒక్క 50 మి.మీ. లెన్సుతోనే గడిపాడు. దగ్గరగా కావాలంటే దగ్గరకు నడిచాడు. మన సంగతే చూడండి. 1957లో వచ్చిన మాయాబజారులో మార్కస్ బార్ట్‌లే చూపించిన వెన్నెలని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆయన చేతిలో ఏ కెమేరా ఉందో అడిగినవాళ్ళు ఎందరు?

అంచేత నా లెక్క ఇదీ: వాయిదాల జోలికి పోవద్దు. కెమేరా పాతది, లెన్సు మంచిది కొనాలి. చేతిలో కొంత మిగలాలి. కెమేరా అంటే లోపలున్న చిన్న కంప్యూటరే, దాని విలువ ఏటేటా కరుగుతుంది. లెన్సు అలా కాదు. నికాన్‌వారు 1959లో మొదలుపెట్టిన బిగింపు పద్ధతి లెన్సుల్ని, 2018లో వచ్చిన వారి అద్దంలేని కెమేరాలకి కూడా మధ్యలో ఒక కమ్మీ వేసి బిగించుకోవచ్చు. అందరూ అద్దంలేనివాటికి మారుతున్న రోజులు గనక, అద్దమున్న పాత కెమేరాలు సెకండ్‌హాండులో చవగ్గా దొరుకుతున్నాయి.

"అంతేనా మాస్టారూ!" అంది ఆవిడ. "నా మిషనూ పాతదే. కొని పదహారేళ్ళయింది. మిషను పాతదైనా సూది మంచిది ఉండాలి. కుట్టు చెడేది సూదివల్లే."

నేను అరగంట చెప్పినది ఆవిడ నాలుగు ముక్కల్లో తేల్చేసింది. నేను కాఫీ తెప్పించాను.

ఆ పై ఆదివారం ముగ్గురం బస్సులో బెజవాడ వెళ్ళాం. ఒక సెకండ్‌హాండు షాపులో 2016లో వచ్చిన నికాన్ డి3400 కనిపించింది. 24 మెగాపిక్సెళ్ళు, 18-55 లెన్సుతో కలిపి 24,000 అన్నాడు. వస్తువు ముట్టుకోకముందే ధర వినడం, ధర విన్నాక మొహంలో ఏమీ కనబడనివ్వకపోవడం ఎలాగో ఆవిడ దగ్గర నేర్చుకోవాలి.

చూడవలసినవి ఇవి, మీకూ పనికివస్తాయి.

ముందు, ఎన్నిసార్లు నొక్కారో చూడాలి. ఆ లెక్క కొన్ని కెమేరాల్లో ఫొటోతోబాటే నమోదవుతుంది, కొన్నింట్లో ప్రత్యేకంగా బయటికి తీయాలి. ఈ తరహావాటికి లక్షసార్లు ఆయుర్దాయమని వాడుకలో ఉన్న అంచనా. ఇది 21,000 చూపించింది. తరవాత, అపెర్చరు 16 దగ్గర పెట్టి తెల్లగోడని ఒక ఫొటో తీసి పెద్దదిగా చూడాలి. నల్లచుక్కలుంటే లోపల దుమ్ము ఉన్నట్టు. దుమ్మైతే తుడిపించుకోవచ్చు, గీతైతే వదులుకోవాలి. మూడోది, లెన్సులోకి టార్చిలైటు వేసి అటునుంచి చూడాలి. సాలెగూడు దారాల్లాంటివి కనబడితే అది బూజు. ఎంత చవకైనా వద్దు. బ్యాటరీ ఉబ్బిందేమో, కార్డు పెట్టే చోట సూదులు వంగాయేమో చూడాలి. ఆఖరుది, అసలు బిల్లుమీది నంబరూ కెమేరా అడుగునున్న నంబరూ ఒకటేనా అని చూడాలి. లేకపోతే ఎవరింట్లోనో పోయిన వస్తువు మనింట్లో తేలుతుంది.

అన్నీ బాగున్నాయి. అప్పుడు షాపాయన ఒక 50 మి.మీ. 1.8 లెన్సు తీసి, "బాబూ, ఇది 4,500కే ఇస్తాను," అన్నాడు. కుర్రవాడి కళ్ళు మెరిశాయి. నేను లెన్సు తిప్పి చూశాను. పాతకాలపు ఏఎఫ్-డి రకం. దాన్ని తిప్పి ఫోకసు కుదర్చడానికి కెమేరాలో మోటారు ఉండాలి. డి3400లో ఆ మోటారు లేదు. ఏఎఫ్-ఎస్ లాంటి, లెన్సులోనే మోటారు ఉండే రకమే దీనికి పని చేస్తుంది. లేకపోతే పరిగెత్తే పసివాడి వెనక చేత్తో తిప్పుకుంటూ ఫోకసు వెతుక్కోవాలి. లెన్సులో లోపమేమీ లేదు; ఈ కెమేరాకి అది జోడు కాదు, అంతే. ఇదే షాపులో ఏఎఫ్-ఎస్ 35 మి.మీ. 1.8 లెన్సు 9,500కి దొరికింది.

బేరం సంగతి నేను వర్ణించను. కెమేరా 21,500కి దిగింది. రెండూ కలిపి 31,000. రెండు కార్డులూ, ఇంకో బ్యాటరీ 3,500. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో వేసే సిలికా జెల్ పొట్లాలు 500. మా బందరు సముద్రపుగాలికి పప్పులే మెత్తబడతాయి, లెన్సుకి బూజు పట్టడం ఎంతసేపు? మిగిలిన 5,000 ఆవిడ కొంగుకే ముడేసుకుంది. అది రిపేరు డబ్బు, ముట్టుకోకూడదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ ఏర్పాటుతో అన్నీ జరగవు. కల్యాణమండపంలో దూరంనుంచి తాళికట్టే ఘట్టం పట్టడానికి 35 చాలదు. 1.8 దగ్గర తీస్తే ముందు వరసవాళ్ళ కళ్ళు తేటగా, వెనక వరసవాళ్ళ మొహాలు మసగ్గా వస్తాయి. గుంపు ఫొటోకి తూము తగ్గించి, పాత లెన్సే వాడుకోవాలి. పెద్ద పెళ్ళిళ్ళు ఇప్పట్లో ఒప్పుకోవద్దని వాడికి గట్టిగా చెప్పాను. ఒకరింటి తాళికట్టు మళ్ళీ రాదు.

మొన్న రాత్రి కుర్రవాడు వచ్చి ఒక ఫొటో చూపించాడు. తల్లి మిషను దగ్గర కూర్చుని ఉంది, పైన ఒక్క ట్యూబులైటు. పంటికింద దారం పట్టుకుని, ఎవరినో చూసి నవ్వుతోంది. ఒక్కొక్క పోగూ విడిగా కనబడుతోంది. "అమ్మకి నచ్చలేదు సార్, జుట్టు చెదిరిందంటుంది. తీసెయ్యమంటోంది," అన్నాడు.

తియ్యవద్దన్నాను. ఇంకో రెండు కాపీలు వేరే చోట దాచమని కూడా చెప్పాను.

మీ ఇంట్లోనూ కెమేరా కొనే ఆలోచన ఉంటే, షాపుకి వెళ్ళేముందు ఒక పని చెయ్యండి. సాయంత్రం దీపాలు పెట్టేవేళ మీ నడవలో నిలబడి, ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చున్నారో, వాళ్ళ మొహాలమీద ఎంత వెలుగు పడుతోందో చూడండి. ఆ వెలుగులో ఆ మొహాల్ని పట్టగలిగేదే మీ కెమేరా. వీధి చివరి బోర్డు మాట మరిచిపోండి.