గెలిచిన తిరుగుబాటు, ఓడిన తిరుగుబాటు

బ్రిటన్ నుంచి విడిపోతున్నట్లు అమెరికాలోని 13 వలసలు చేసిన ప్రకటన ఆమోదం పొందినది 1776 జూలై 4న. 1897లో జన్మించిన అల్లూరి సీతారామరాజు జయంతిని తెలుగువారు జరుపుకొనేది కూడా జూలై 4నే. ఒకే సామ్రాజ్యంపై లేచిన ఈ రెండు తిరుగుబాట్లలో మొదటిది ఎనిమిదేళ్ల పోరాటంతో ఒక కొత్త దేశాన్ని నెలకొల్పింది. రెండవది రెండేళ్లు తిరగకుండానే కొయ్యూరు వద్ద తన నాయకుడిని కోల్పోయింది.

భిలాయ్ ఉక్కు పట్టణంలోని సెక్టర్ 4 వంటి వాడల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పోలిక దూరపు ముచ్చటేమీ కాదు. వారిలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు వదలివచ్చిన సీమలో గూడెం, రంప కొండలున్నాయి. ఇప్పుడు నివసిస్తున్న ఛత్తీస్‌గఢ్‌లో సోనాఖాన్ ఉంది, బస్తర్ ఉంది. రెండు చోట్లా అడవి బిడ్డలు ఆయుధాలు పట్టారు, రెండు చోట్లా ఓడారు. అమెరికన్లు గెలవడానికి వారి ఐకమత్యం, దేశభక్తి కారణమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది అర్ధసత్యం మాత్రమే. ఐకమత్యానికి, సాహసానికి గూడెంలో కొరత లేదు. కొరవడినవి వేరే ఉన్నాయి.

అమెరికన్ల తగాదా పన్నులతో మొదలైంది. 1770 నాటి బెంగాల్ కరవు తరువాత అప్పుల్లో కూరుకుపోయిన ఈస్టిండియా కంపెనీని ఆదుకోవడానికి బ్రిటిష్ పార్లమెంటు 1773లో తేయాకు చట్టం చేసింది. ఆ ఏడాది డిసెంబర్ 16న బోస్టన్ రేవులో సముద్రం పాలైన తేయాకు కంపెనీదే. 1775 ఏప్రిల్‌లో తుపాకులు పేలేనాటికి తిరుగుబాటుదార్ల వద్ద నౌకాదళం లేదు, ఖజానా లేదు, చాలినంత మందుగుండు సైతం లేదు. తొలి రెండేళ్లలో వారు కాల్చిన మందుగుండులో అత్యధిక భాగం విదేశాల నుంచి, ముఖ్యంగా ఫ్రాన్సు నుంచి చాటుగా చేరినదే. వారి కాంగ్రెస్ 24 కోట్ల డాలర్లకు పైగా కాగితపు నోట్లు అచ్చువేసింది; 1781 నాటికి అవి చిత్తు కాగితాలయ్యాయి. జార్జి వాషింగ్టన్ గెలిచిన యుద్ధాలకన్నా ఓడినవే ఎక్కువ. సైన్యం చెదిరిపోకుండా కాపాడుకోవడమే ఆయన సాధించిన ఘనత.

1777 అక్టోబర్‌లో సారటోగా వద్ద ఒక బ్రిటిష్ సైన్యం మొత్తంగా లొంగిపోవడంతో ఫ్రాన్సుకు నమ్మకం కుదిరింది. 1778 ఫిబ్రవరిలో సంధి చేసుకుని బాహాటంగా రంగంలోకి దిగింది. 1781 సెప్టెంబర్ 5న ఫ్రెంచి నౌకాదళం చెసపీక్ అఖాతం ముఖద్వారం వద్ద బ్రిటిష్ నౌకలను వెనక్కి మళ్లించింది. యార్క్‌టౌన్‌లో చిక్కుకున్న కారన్‌వాలీసుకు సముద్రమార్గం మూసుకుపోయింది. అక్టోబర్ 19న ఏడువేలకు పైగా సైనికులతో లొంగిపోయాడు. ముట్టడి వేసిన సేనల్లో ఫ్రెంచివారి వాటా తక్కువేమీ కాదు. ఈ సహాయం ధర్మచింతనతో చేసినదని భ్రమపడనక్కరలేదు. బ్రిటన్‌పై పగ తీర్చుకోవడమే ఫ్రెంచి రాజు లక్ష్యం. ఆ యుద్ధపు అప్పు ఆయన ఖజానాను దివాలా తీయించి, 1789 విప్లవానికి దారి వేసింది.

ఈ కథలో భారతీయులకు సంబంధించిన అధ్యాయాన్ని మన చరిత్ర పుస్తకాలు విడివిడి పేజీల్లో దాచివేశాయి. 1783లో మంగుళూరును ముట్టడించిన టిప్పు సుల్తాన్ పక్షాన ఫ్రెంచి సేనలు కూడా ఉన్నాయి. ఐరోపాలో సంధి కుదిరిందన్న వార్త అందగానే అవి ముట్టడి నుంచి తప్పుకొన్నాయి. అమెరికాకు స్వాతంత్ర్యం తెచ్చిన శాంతి, మైసూరుకు మిత్రుడిని దూరం చేసింది. అక్కడ ఓడిన కారన్‌వాలీసు 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికి వచ్చి, 1792లో టిప్పును లొంగదీసి, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు నిర్ణయం అమలు చేశాడు.

సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్‌కు ఫ్రాన్సు లేదు, నౌకాదళం లేదు. 1856 కరవులో ఒక వర్తకుడు దాచిన ధాన్యాన్ని తీసి ఆకలిగొన్న ప్రజలకు పంచినందుకు ఆయనను బంధించారు. 1857లో రాయ్‌పూర్ జైలు నుంచి తప్పించుకుని దండు కట్టాడు. డిసెంబర్ 10న రాయ్‌పూర్‌లో ఆయనను ఉరితీశారు.

రంప, గూడెం కొండల చరిత్ర ఇంతకన్నా సుదీర్ఘమైనది. కల్లు గీతపై చిగురు పన్ను విధించగా 1879లో రంప పితూరీ చెలరేగింది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు సేద్యాన్ని, వంటచెరకును నేరాల జాబితాలో చేర్చింది. చింతపల్లి దారిలో రోడ్డు పనులకు కొండవారిని అరకొర కూలికి నెట్టుకొచ్చిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దౌర్జన్యం చివరి నిప్పురవ్వ అయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై సీతారామరాజు దళం దాడి చేసింది. చేజిక్కినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. సెప్టెంబర్ 24న దామనపల్లి కనుమలో ఇద్దరు బ్రిటిష్ అధికారులు, స్కాట్ కవర్డ్, హైటర్, హతులయ్యారు. అప్పటివరకు గెరిల్లా పోరు అమెరికన్ అడవుల్లో జరిగినదానికి ఏమాత్రం తీసిపోలేదు.

అయితే అక్టోబర్‌లో అడ్డతీగల స్టేషన్‌పై పడేసరికి అక్కడ ఒక్క తుపాకీ కూడా దొరకలేదు. ప్రభుత్వం ముందుగానే ఆయుధాలను తరలించింది. పోరాటపు జాతకం మారినది అక్కడే. శత్రువు ఆయుధాగారమే తన ఆయుధాగారంగా నడిచే సైన్యానికి ఆ తలుపు మూసుకుపోతే మరో తలుపు లేదు. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగారు. గ్రామాలకు, దళాలకు మధ్య రాకపోకలు తెగిపోయాయి. మైదానపు కాంగ్రెస్ నాయకత్వం సాయుధ మార్గాన్ని ఆమోదించలేదు. గోదావరి ఒడ్డున యానాంలో ఫ్రెంచి పతాకం ఎగురుతూనే ఉన్నా, 1922 నాటికి ఫ్రాన్సు మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సరసన పోరాడిన మిత్రదేశం! 1924 మే 7న సీతారామరాజును పట్టుకుని కాల్చి చంపారు. జూన్‌లో గంటం దొర నేలకొరిగాడు. ఆయన సోదరుడు మల్లు దొర అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

ఈ రెండు తిరుగుబాట్ల మధ్య ఆయుధాలకన్నా లోతైన తేడా ఒకటుంది. అపలేచియన్ పర్వతాలకు పడమర ఉన్న ఆదివాసుల నేలలోకి వలసదారులు చొరబడరాదని బ్రిటిష్ రాజు 1763లో హద్దు గీశాడు. అమెరికన్ తిరుగుబాటుదార్ల ఫిర్యాదుల్లో అదీ ఒకటి. గెలిచిన తరువాత వారు ఆ హద్దు దాటి అడవులను ఆక్రమించుకున్నారు. ఇక్కడ గూడెం వాసులు, 1910లో గుండాధుర్ వెంట నడిచిన బస్తర్ వాసులు పోరాడినది తమ అడవి తమకు మిగలాలని. మొదటివారి స్వేచ్ఛలో అడవి మనుషుల ఓటమి ఇమిడి ఉంది. అందువల్ల అమెరికా విజయాన్ని కొలబద్దగా తీసుకుని రంప పితూరీని విఫలమని తీర్పు చెప్పడం న్యాయం కాదు.

1947 తరువాత ఆర్థిక స్వాతంత్ర్యం కోసం భారతదేశం కూడా విదేశీ సహాయం తీసుకున్నది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు భిలాయ్ కర్మాగారం ఏర్పడింది. రుణంపై వడ్డీ రెండున్నర శాతం. తొలి కొలిమిని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశమంతటా పరచుకున్న పట్టాల్లో చాలా భాగం ఇక్కడ తయారైనవే. దల్లీ రాజహరా కొండల ఖనిజం దానికి ఆధారం. ఆ నిక్షేపాలు తరుగుతున్నకొద్దీ చూపు బస్తర్ ప్రాంతపు రావ్‌ఘాట్ కొండలపైకి మళ్లింది. ఉక్కు వద్దనే హక్కు ఎవరికీ లేదు. దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారన్న లెక్క మాత్రం తేలవలసి ఉంది.

చట్టాలు లేకపోలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారమిచ్చిన 1996 చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నాయి. విశాఖ మన్యంలోని బొర్రా గనుల వివాదంపై 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు చెల్లవన్నది. 2001లో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన బాల్కో కేసులో అదే న్యాయస్థానం ఆ తీర్పుపై సందేహాలు వ్యక్తం చేసింది. సీతారామరాజు నేలకు దక్కిన రక్షణ నారాయణ్ సింగ్ నేలకు దక్కలేదన్నమాట! పొరుగున ఒడిశాలో, నియమగిరి బాక్సైట్ తవ్వకంపై గ్రామసభలనే అడగాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఏడాది 12 గ్రామసభలు సమావేశమయ్యాయి. పన్నెండూ వద్దన్నాయి. అక్కడ తవ్వకం ఆగిపోయింది.