మంచుకొండకి వెళ్ళినా మనకి సంచుల కాపలాయేనా?



ఈ మధ్య లాల్‌దర్వాజా, గౌలిపురా, శాలిబండ, ఛత్రినాక... ఎటు వెళ్ళినా ఇళ్ళల్లో ఒకటే మాట. "ఈసారి మనాలీ పోదామమ్మా! మంచులో జారుకుంటూ ఆడుకుందాం!" అని పిల్లల గొడవ. ఒకప్పుడు యాత్ర అంటే యాదగిరిగుట్ట, తిరుపతి, మహా అయితే కాశీ. ఇప్పుడు కులూ మనాలీ, కాశ్మీర్ కూడా ఆ వరసలో చేరాయి. మంచిదే! ఏడాదంతా గ్యాసుపొయ్యి ముందు నిలబడే మనకి నాలుగు రోజులు చల్లగాలి తగిలితే తప్పేముంది?

కానీ ఒక్క సంగతి గమనించారా? తిరిగొచ్చాక చూపించే ఫోటోల్లో అయ్యగారు స్కీ కర్రలు పట్టుకుని దర్జాగా నిలబడి ఉంటారు. పిల్లలు మంచుముద్దలు విసురుకుంటూ ఉంటారు. మరి అమ్మ? ఎక్కడో ఓ మూల బల్లమీద, చుట్టూ నాలుగు సంచులు, ఒళ్ళో అందరి స్వెట్టర్లు! "నాకెందుకు బిడ్డా, మీరు ఆడుకోండ్రి" అంటుంది. ఏడాది పొడుగునా చిట్టీ కట్టి కూడబెట్టిన డబ్బు పోసి, రెండు రోజులు ప్రయాణం చేసి, అక్కడా కాపలాయేనా? ఈ వారం ఆ ముచ్చటే చెప్పుకుందాం.

ఎప్పుడు బయల్దేరాలి?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. స్కీయింగ్‌కి తగ్గ మంచు పడేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. మన పిల్లలకి పెద్ద సెలవులొచ్చేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. ఆ రోజుల్లో మనాలీలో మంచు ఉండదు. పైన రోహతాంగ్ కనుమ దగ్గరికి వెళితే మిగిలిన మంచు కనబడుతుంది. అది ఫోటోకి సరే, ఆటకి చాలదు. దసరా సెలవుల్లో అదీ ఉండదు. ఇక మిగిలింది సంక్రాంతి. దానికి అటూ ఇటూ మూడు నాలుగు రోజులు బడికి సెలవు పెట్టించగలిగితేనే కుదురుతుంది.

పోనీ సంక్రాంతికి తప్పకుండా మంచు ఉంటుందా అంటే, అదీ చెప్పలేం. 2024 జనవరిలో గుల్‌మార్గ్ కొండలు మంచు లేక బోసిపోయాయి. నెలాఖరుకి గానీ పడలేదు. 2025లో అక్కడ ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల పోటీలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. కాబట్టి "మంచు ఉంటే ఆడతాం, లేకపోతే కొండలు చూసి వస్తాం" అని పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే అక్కడ ఏడుపులు మొదలవుతాయి.

రైలు టిక్కెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. సంక్రాంతి రద్దీ మీకు తెలిసిందే కదా, ఆ రోజు తెల్లారగానే కూర్చోవాల్సిందే. నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి ఢిల్లీ. అక్కడినుంచి మనాలీకి బస్సులో దాదాపు 540 కిలోమీటర్లు, ఒక రాత్రంతా ప్రయాణం. మలుపులు ఎక్కువ. బస్సు పడని పిల్లలుంటే నిమ్మకాయలు, ప్లాస్టిక్ కవర్లు చేతిసంచీలోనే పెట్టుకోండి.

ఎక్కడికి వెళ్ళాలి?

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మనాలీకి 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న సోలాంగ్ లోయ అనుకూలం. మెత్తటి వాలు, కొత్తవాళ్ళు పడినా పెద్ద దెబ్బ తగలదు. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక చలికాలంలోనూ కొండకి అవతలివైపు లాహౌల్‌కి వెళ్ళే వీలు కలిగింది. ఆ సొరంగం పొడవు 9 కిలోమీటర్ల పైమాటే!

గుల్‌మార్గ్ అయితే శ్రీనగర్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. 8,700 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడి గొండోలా, అంటే తీగమీద నడిచే డబ్బా, రెండు అంచెల్లో దాదాపు 13,000 అడుగుల ఎత్తుకి తీసుకెళుతుంది. పై అంచె అనుభవం ఉన్నవాళ్ళ చోటు. కొత్తవాళ్ళు కింది మైదానంలోనే ఆడుకోవాలి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మంది ప్రాణాలు తీసిన ఘోరం తరువాత కాశ్మీర్ పేరెత్తితే ఇంట్లో పెద్దవాళ్ళు భయపడటం సహజం. ఏయే చోట్లకి అనుమతి ఉందో అప్పటికప్పుడు తెలుసుకుని, అందరూ ఒప్పుకుంటేనే డబ్బు కట్టండి.

మనకో సౌకర్యం ఉంది, గమనించారా? పాతబస్తీ ఆడవాళ్ళకి హిందీ, ఉర్దూ ఎవరూ నేర్పక్కర్లేదు. పక్కింటి ఆపాతో మాట్లాడే భాషతోనే అక్కడ హాయిగా నెగ్గుకు రావచ్చు. లాడ్‌బజార్‌లో గాజుల జోడీకి బేరమాడే నోరు మనాలీలో మూగపోకూడదు!

చీరా? స్వెట్టరా?

చీరతో మంచులో దిగొద్దు. కుచ్చిళ్ళు తడిసి గడ్డకడతాయి. లోపల ఒంటికి పట్టే థర్మల్ జత, దానిమీద ఉన్ని స్వెట్టరు, పైన నీళ్ళు దిగని కోటు... ఇలా మూడు పొరలు వేసుకోవాలి. నూలు మేజోళ్ళు తడిస్తే చలి ఎముకల్లోకి పాకుతుంది. ఉన్నివే, మనిషికి మూడేసి జతలు తీసుకోండి. మదీనా, పత్తర్‌గట్టీ దుకాణాల్లో తిరగండి, చలికాలంలో టిబెట్ వాళ్ళు పెట్టే అంగళ్ళూ చూడండి. అన్నీ కొత్తవి కొనక్కర్లేదు. సోలాంగ్ దారిపొడుగునా పైకోట్లు, బూట్లు అద్దెకిచ్చే దుకాణాలు ఉంటాయి. జిప్పు సరిగా పడుతోందా, బూటు లోపల తడిగా ఉందా చూసుకుని, దుకాణం నంబరు ఓ కాగితం మీద రాసుకోండి. అన్నీ ఒకేలా ఉంటాయి, తిరిగొచ్చేటప్పుడు వెతుక్కోలేం.

ఇంకో మాట. గాజులు గదిలోనే తీసి పెట్టండి. పుస్తెలతాడు లోపలికి వేసుకుని పిన్ను పెట్టండి. మెట్టెల సంగతి ఎవరూ చెప్పరు గానీ, అదే అసలు బాధ. స్కీ బూటు రాయిలా గట్టిగా ఉంటుంది. మెట్టె ఒత్తుకుని వేలు వాచిపోతుంది. ఆ గంటసేపు తీసి పర్సులో దాచుకోవచ్చు. "అయ్యో, తీయనా!" అనిపిస్తే పలచటి మెట్టెలు పెట్టుకుని, మీద దూది చుట్టి, ఆపైన మేజోడు వేయండి. మీ మనసుకి ఏది నచ్చితే అది.

పడటమే మొదటి పాఠం

స్కీయింగ్ అంటే భయపడేంత విద్య కాదు. మోకాళ్ళు కొంచెం వంచి, బరువు ముందుకి వేసి నిలబడాలి. ఆగాలంటే పలకల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, వెనక మడమలు దూరం జరపాలి. ముగ్గులో త్రికోణం గీస్తాం చూడండి, అచ్చం అలాగే. పడిపోతున్నామనిపిస్తే బిగుసుకోకుండా పక్కకి కూలబడండి. లేచేటప్పుడు పలకలు వాలుకి అడ్డంగా పెట్టుకోవాలి, లేకపోతే లేస్తూనే మళ్ళీ జారిపోతారు.

పలక తొడిగేటప్పుడు ఒకటి అడగండి: "పడితే బూటు ఊడి వస్తుందా?" బూటునీ పలకనీ కలిపే బిగింపు, పడినప్పుడు తనంతట తాను విడిపోవాలి. విడిపోకపోతే కాలు మెలిపడుతుంది. పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి. సామాను అద్దెకిచ్చేవాళ్ళు పది నిమిషాలు చేయిపట్టి నడిపించి, ఫోటో తీసి పంపించేస్తుంటారు. ఎంతసేపు, ఎంత డబ్బు, నేర్పే మనిషి వెంట ఉంటాడా లేదా... ముందే తేల్చుకోండి. నిజంగా నేర్చుకోవాలనే పెద్దపిల్లలుంటే మనాలీలోని ప్రభుత్వ పర్వతారోహణ సంస్థ, గుల్‌మార్గ్‌లోని స్కీయింగ్ సంస్థ చలికాలంలో కోర్సులు నడుపుతాయి. తిండి, బస, నేర్పడం అన్నీ ఒక పద్ధతి ప్రకారం ఉంటాయి.

"ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకు?" అనే అత్తగారుంటే ఈ రెండు కబుర్లు చెప్పండి. సోలాంగ్ దగ్గరి బురువా గ్రామం అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018 జనవరిలో టర్కీలో కాంస్యం గెలిచింది. అంతర్జాతీయ స్కీయింగ్‌లో మన దేశానికి అదే మొదటి పతకం! ఇక మన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే, ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె మొదట ఎక్కడం నేర్చుకున్నది ఎక్కడో కాదు, మన భువనగిరి గుట్టమీదే.

ఒంట్లో ఎలా ఉంది?

మన హైదరాబాద్ 1,800 అడుగుల ఎత్తున ఉంది. మనాలీ 6,700. రోహతాంగ్ 13,000! ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, నడకలో తూలడం కనబడితే మాత్రలు మింగి పైకి పోవద్దు, వెంటనే కిందికి దిగాలి. అదే అసలైన మందు. చేరిన మొదటిరోజు మనాలీలోనే విశ్రాంతి తీసుకోండి. బీపీ, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరు సలహా లేకుండా బయల్దేరకూడదు.

ఆడవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. దారిలో మరుగుదొడ్లు ఉండవని నీళ్ళు తాగడం మానేస్తారు. కొండమీద అది మరీ చేటు. గదిలో ఓసారి, బూట్లు అద్దెకి తీసుకునే చోట ఓసారి వెళ్ళివస్తే సరిపోతుంది, నీళ్ళు మాత్రం తాగుతూనే ఉండండి. నెలసరి సామాను మన ఊరినుంచే తీసుకెళ్ళండి. తాజా మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాలని 80 శాతం దాకా తిప్పికొడుతుంది. అందుకే మబ్బుగా ఉన్నా నల్లకళ్ళద్దాలు, ముఖానికి సన్‌స్క్రీన్ తప్పవు. లేకపోతే ముఖం కమిలి, కళ్ళు మంటలెక్కుతాయి.

ఇది మాత్రం మరిచిపోవద్దు

2014 జూన్ 8న మండీ జిల్లా తలౌట్ దగ్గర బియాస్ నదిలోకి ఫోటోల కోసం దిగిన మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. మనాలీ చూడ్డానికి పోయిన పిల్లలు వాళ్ళు. ఆ తల్లుల కడుపుకోత తలుచుకుంటే ఇప్పటికీ గుండె చెరువవుతుంది. నది ఎండినట్టు కనబడినా దిగనివ్వకండి. "ఒక్క ఫోటో అమ్మా" అన్నా సరే, వద్దనండి.

2024 డిసెంబరులో సోలాంగ్‌కీ అటల్ సొరంగానికీ మధ్య ఒక్కసారిగా మంచు కురిసి, వందల బండ్లు రాత్రిదాకా దారిలో చిక్కుకుపోయాయి. కాబట్టి పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి దిగిరండి. బండిలో ఓ రగ్గు, నీళ్ళు, తినడానికేదైనా ఉండాలి.

సంచీలో ఏం పెట్టాలి?

తినడానికంటే గుర్తొచ్చింది. వంటగది ఉన్న బస దొరికితే కుక్కరు లేకుండా అన్నం పెట్టకండి. మన దగ్గర నీళ్ళు 98 డిగ్రీలకి మరిగితే, మనాలీలో 93కే మరుగుతాయి. తెర్లుతున్నట్టే కనబడతాయి గానీ పప్పు ఉడకదు! కుక్కరులో కూడా ఒకటి రెండు విజిళ్ళు ఎక్కువ రానివ్వండి.

సకినాలు ఎలాగూ చేస్తారు. వాటితోపాటు నువ్వుల ముద్దలు కట్టుకోండి. పావుకిలో నువ్వులు దోరగా వేయించి, పావుకిలో బెల్లం కొద్దినీళ్ళతో ముదురుపాకం పట్టి, చెంచాడు సొంఠిపొడి, రెండు యాలకులు, చెంచాడు నెయ్యి వేసి కలిపి, వేడిమీదే చేతికి నీళ్ళు అద్దుకుంటూ ముద్దలు చుట్టండి. పదిహేను రోజులు నిలవుంటాయి. చలిలో ఒంటికి వేడి, ఆకలికి అండ.

మరి సంచుల సంగతి?

ఇంటి దగ్గరే తేల్చుకోండి. మంచుకి వెళ్ళేరోజు ఒక్కటే సంచీ, మిగతావన్నీ గదిలోనే. ఆ ఒక్క సంచీకి వంతులు వేయండి. మొదటి అరగంట ఆయన, తరువాత పెద్దబ్బాయి, ఆ తరువాత మీరు. అత్తగారు వెంట ఉంటే ఆమెకి వెచ్చగా చాయ్ దుకాణంలో చోటు చూసి, ఉస్మానియా బిస్కెట్లు చేతిలో పెట్టండి. అంతేగానీ ఆమెనీ కాపలా పెట్టకండి సుమా!

బూట్లు తొడగండి. పడితే పడతారు, పిల్లలు నవ్వుతారు, మీరూ నవ్వుతారు. రేపు ఆల్బంలో మీ ఫోటో చూసి మనవరాలు "అమ్మమ్మా, ఇది నువ్వేనా?" అని అడిగితే, ఏమంటారు? "నేనే!" అనాలి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. ఉంటాను మరి!